ఊరవతల ఇల్లు వెతికిపెట్టే సర్వీసు: కాగితాలకు నాలుగు మార్కులు, చెవులకు సున్నా

ముందే చెప్పేస్తున్నా, సర్వీసు పేరు రాయను. హైదరాబాదులో చిన్న ఆఫీసు, నలుగురు మనుషులు, ఒక వాట్సాప్ నంబరు, అంతే వాళ్ల సరంజామా. "ఊరికి దూరంగా, చెట్ల మధ్య, ప్రశాంతమైన ఇల్లు వెతికిపెడతాం" అని ప్రకటన. ముందుగా 18,000 రూపాయలు కట్టాలి, ఆరు నెలల గడువు, పది ఇళ్ల దాకా చూపిస్తారు, కాగితాలు వాళ్లే పరిశీలించి చెబుతారు, బండి ఖర్చు మనది. మేం పోయిన ఆగస్టులో కట్టాం. గడువు అయిపోయి నెల దాటింది కాబట్టి ఇప్పుడు రాసే హక్కు వచ్చిందనుకుంటున్నా.

మాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. కూకట్‌పల్లిలో ఒకే ఫ్లాటులో 22 ఏళ్లు ఉన్నాం. మొదట్లో మా బాల్కనీ ఎదురుగా ఖాళీ జాగా, రెండు వేపచెట్లు ఉండేవి. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది. మాఘమాసం వచ్చిందంటే మా ఇంట్లో ఎవరూ నిద్రపోరు, పెళ్లి ఎవరిదో తెలియకపోయినా బరాత్‌లో ఏ పాట తర్వాత ఏ పాట వస్తుందో మా ఆవిడకు కంఠతా వచ్చేసింది. ఆవిడ టీచరుగా రిటైరయ్యాక ఒకటే మాట పట్టుకుంది: పెంకుటిల్లు కావాలి, చుట్టూ అర ఎకరం ఉండాలి, కూతవేటు దూరంలో ఎవరూ ఉండకూడదు, కానీ కూత వేస్తే ఒకరైనా పలకాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అడిగితే "అది వెతికేవాళ్ల పని" అంది. అందుకే సర్వీసుకు డబ్బు కట్టాం.

అంతకు ముందు రెండు నెలలు సొంతంగా వెతికాం. పోర్టల్స్‌లో "ఇండిపెండెంట్ హౌస్, విలేజ్" అని కొడితే వచ్చేవన్నీ ప్లాట్లే. యూట్యూబ్‌లో ఇంకో రకం, డ్రోన్ షాటు, వెనకాల వేణువు, "ఎకరం ఇంతే, ఇప్పుడే కాల్ చేయండి". ఫోన్ చేస్తే ఆ భూమి పోయిన వారమే అమ్ముడైపోయి ఉంటుంది, దాని పక్కది మాత్రం ఎప్పుడూ ఉంటుంది. దీని మీద ఇంకా రాయడం దండగ.

సర్వీసు వాళ్లు చూపించిన మొదటిది ఇల్లే కాదు. నర్సాపూర్ దాటాక వంద ఎకరాల వెంచరు, దాన్ని ఐదేసి గుంటలుగా కోసి, ఒక్కో ముక్కలో ఆరు మామిడి మొక్కలు పాతి, గేటు పెట్టి ఫాం ల్యాండ్ అంటున్నారు. గుంటంటే 121 గజాలు, ఐదు గుంటలంటే 605 గజాలు. మా కూకట్‌పల్లి అపార్టుమెంటు నిలుచున్న జాగా అంతకన్నా పెద్దది. "ఇక్కడ కట్టుకోవచ్చు సార్" అన్నాడు వెంట వచ్చిన కుర్రాడు. అందరూ కట్టుకుంటే ఇదీ కాలనీయే కదా బాబూ అంటే నవ్వి ఊరుకున్నాడు. మంచి పిల్లాడే, పాపం, వాళ్లు చూపించమన్నది చూపించాడు.

రెండోది చూడగానే మాకు కొనేయాలనిపించింది. అనంతగిరి గుట్టల దగ్గర, వికారాబాద్ నుంచి పది కిలోమీటర్ల లోపే. చేవెళ్ల రోడ్డు మీద ఆ మర్రిచెట్ల కింద నుంచి వెళుతుంటేనే సగం మనసు అమ్ముడుపోతుంది, అసలు ఆ దారిలో ఇల్లు చూపించడమే ఒక అమ్మకం టెక్నిక్ అని నాకు అనుమానం. అర ఎకరంలో రెండు గదుల ఇల్లు, పది మామిళ్లు, గట్టు పొడుగునా సీతాఫలం చెట్లు. మేం వెళ్లింది బుధవారం మధ్యాహ్నం. జిట్టంగి పిట్ట ఒకటి కూస్తోంది, అంతే, ఇంకేం లేదు. మా ఆవిడ అరుగు మీద కూర్చుని లేవనంది. మూసీ నది పుట్టేది ఈ గుట్టల్లోనే, మన ఊళ్లో మూసీ వాసన చూస్తే నమ్మలేం గానీ.

ఇంటి ఓనరుకు మేం నిశ్శబ్దం కోసం వచ్చామని చెప్పలేదో ఏమో, ఆయన పాట ఇంకొకటి. "పూడూరు మండలం దామగుండంలో నేవీ రాడార్ కడుతున్నారు, 2024 అక్టోబరులో శంకుస్థాపన కూడా అయింది, 2,900 ఎకరాల అడవి తీసుకున్నారు, ఇక చూస్కోండి రేట్లు ఎట్ల లేస్తయో." అది రాడార్ కాదు, నేవీ రేడియో కేంద్రం, ఆయన చెప్పిన మిగతా వివరాలు నిజమే, పేపర్లో చదివాం. కానీ అడవి పోతుందని ఆ చుట్టుపక్కల జనం గొడవ పెట్టిన విషయమే ఈయనకు లాభంగా కనిపిస్తోంది. పక్కన అడవి ఉందని చూపిస్తూనే, ఆ అడవి తగ్గుతుంది కాబట్టి తొందరగా కొనమంటున్నాడు.

అడ్వాన్సు ఇచ్చేద్దామా అనుకుంటుండగా మా అబ్బాయి ఫోన్లో "నాన్నా, శనివారం ఒకసారి వెళ్లి చూడు" అన్నాడు. వెళ్లాం. సాయంత్రం ఏడింటికి మొదలైంది. కిలోమీటరు అవతల గుట్ట వాలులో రిసార్టు, దాని పక్కన ఇంకోటి, ఒకరి డీజేకి ఇంకొకరు పోటీ. శబ్దం లోయలో పడి తిరిగి వస్తుంటే ఏ పాట ఎటు నుంచి వస్తోందో తెలియదు, గుండెల్లో మాత్రం దడ తెలుస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి రూల్ ఉంది, నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని కూడా ఉంది. ఆ రూలు ఆ గుట్ట ఎక్కినట్టు లేదు. పదకొండున్నరకు ఓనరుకు ఫోన్ చేస్తే, "శని, ఆదివారాలే కద సార్" అన్నాడు. ఏడాదిలో 104 రోజులన్నమాట. సర్వీసు వాళ్లను అడిగితే "మేం లొకేషన్, టైటిల్ చూస్తాం సార్, సౌండ్ మా చెక్‌లిస్టులో లేదు" అన్నారు. ప్రకటనలో ఉన్న మాటే ప్రశాంతం! అక్కడ ఒక మార్కు కాదు, రెండు కోశాను.

ఇక వాళ్లను మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకుంటాను. వాళ్ల దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ రద్దు కాకముందే ఆ పని చేసి రిటైరయ్యాడట. వారానికి రెండు రోజులు వస్తాడు. ఆయనకు ఇల్లు ఎలా ఉందో అక్కర్లేదు, పెంకులు ఎర్రగా ఉన్నాయా నల్లగా ఉన్నాయా చూడడు, సర్వే నంబరు చెప్పమంటాడు. నా 18,000లో 15,000 ఆయన ఒక్కడికే ఇచ్చాననుకుంటున్నాను.

పరిగి వైపు ఒక ఇల్లు వచ్చింది. రాతి గోడలు, లోపలంతా తాండూరు నాపరాళ్ల నేల, ఎండాకాలంలో చాప లేకుండా పడుకోవచ్చు. 30 గుంటలు. ధర మా బడ్జెట్ కన్నా పది లక్షలు తక్కువ. (తక్కువ అనగానే నాకు అనుమానం రావాలి, సంతోషం వచ్చింది, మనిషి బుద్ధి.) పెద్దాయన కాగితాలు తిరగేసి, కళ్లజోడు తీసి, "సార్, ఇల్లు మంచిగనే ఉంది. కాగితమే మంచిగ లేదు" అన్నాడు. అమ్మేవాళ్ల నాన్న ఆ భూమిని ముప్పై ఏళ్ల కిందట సాదా బైనామా మీద కొన్నాడు. అంటే తెల్ల కాగితం మీద రాసుకుని, సాక్షులతో సంతకాలు పెట్టించుకుని, రిజిస్ట్రేషన్ లేకుండా. ఊళ్లో అందరికీ ఆ భూమి వాళ్లదే. రికార్డులో మాత్రం పట్టా పాత ఆసామి పేరు మీదే ఉండిపోయి, ఇప్పుడు ఆయన ముగ్గురు మనవళ్ల పేర్ల మీద. 2020లో ఇలాంటి వాటికి దరఖాస్తులు తీసుకున్నారు, తీసుకున్నవి ఏళ్ల తరబడి పెండింగులోనే ఉండిపోయాయి. ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్ పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాక దారి దొరికిందని అమ్మేవాళ్లు అంటారు. "దొరకనీయండి, పాసు పుస్తకం చేతికొచ్చినంక అప్పుడు కొనండి, అంతవరకు బయానా కూడ ఇయ్యొద్దు" అని పెద్దాయన తేల్చేశాడు. వాళ్ల ఆఫీసుకే అమ్మకం పోయింది, అయినా చెప్పాడు.

ఇంకొకటి ఇంకా నయం, కాగితం ఫోటో చూడగానే తీసి పక్కన పెట్టించాడు. లావుణి పట్టా. ప్రభుత్వం భూమి లేనివాళ్లకు సాగు కోసం ఇచ్చింది, 1977 నాటి చట్టం ప్రకారం అమ్మకూడదు, కొన్నా చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోమని, అందులో లేకపోయినా పాత పహాణీలు (భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే రికార్డులు) తీయించి భూమి మొదట ఎవరి పేరున, ఏ రకం భూమి కింద ఉందో చూసుకోమని చెప్పాడు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్లాలంటాడు ఆయన. నాకు మొదట చాదస్తం అనిపించింది.

ఆయన దగ్గరే నేను ఇంకో విషయం నేర్చుకున్నా. పాత పెంకుటిళ్లు ఎక్కువగా ఉండేది ఊరి నడుమ, గ్రామకంఠంలో. వాటికి ఇంటి నంబరు, పన్ను రసీదు ఉంటాయి, రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర, కానీ ఎడమ పక్క పిండి గిర్నీ, కుడి పక్క గుడి మైకు. ఊరవతల ఉన్న ఇల్లయితే దాదాపు ఎప్పుడూ వ్యవసాయ భూమిలోనే ఉంటుంది. రికార్డుకు సంబంధించినంత వరకు అక్కడ ఇల్లే లేదు, భూమే ఉంది, రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గర స్లాటు బుక్ చేసుకుని చేయించుకోవాలి, దాని మీద బ్యాంకు హోమ్ లోను ఇవ్వదు, నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించి పంచాయతీ అనుమతి తీసుకుంటే వేరే సంగతి. అంటే నిశ్శబ్దం కావాలంటే చేతిలో డబ్బు ఉండాలి, లోను కావాలంటే గుడి మైకు వినాలి. ఈ సంగతి ఏ పోర్టల్లోనూ రాయరు.

మధ్యలో మా ఆవిడ పుట్టింటి గాలి మళ్లింది. ఆవిడది భీమవరం వైపు. మండువా ఇల్లు ఉందంటే హైదరాబాదు నుంచి మూడు గంటల ప్రయాణం దాటకూడదని మేం పెట్టుకున్న నియమం ఎగిరిపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే సర్వీసు వాళ్లు నిజంగానే వెతికి తెచ్చారు: 40 సెంట్లలో మండువా లోగిలి, నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం కనిపించే మండువా, టేకు స్తంభాలు, పెరట్లో పదిహేను కొబ్బరిచెట్లు. ఊరికి కిలోమీటరున్నర. పిల్లలంతా అమెరికాలో, పెద్దావిడ పోయాక తాళం వేసి మూడేళ్లు. గుమ్మం మీద పసుపు ఇంకా అలాగే ఉంది. మా ఆవిడ ఆ మండువాలో నిలబడి వాన పడితే ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది, చిన్నప్పుడు గంగాళం పెట్టి వాననీళ్లు పట్టేవాళ్లమని, ఇంకా ఏవేవో. నేను లెక్కలు వేసుకుంటున్నాను, పెంకులు తిరగ నేయించాలంటే ఎంత, వాసాలకు చెద ఉందా అని. పగలు పదకొండు గంటలు. చుట్టూ మూడు వైపులా రొయ్యల చెరువులు, అద్దాల్లా ఉన్నాయి. చప్పుడే లేదు.

అనంతగిరి అనుభవం ఉంది కాబట్టి ఈసారి ఆ ఊళ్లోనే మా బావమరిది స్నేహితుడి ఇంట్లో పడుకుని, రాత్రి ఒంటిగంటకు టార్చి పట్టుకుని ఆ ఇంటి దగ్గరికి నడిచి వెళ్లాం. దూరం నుంచే తెలిసిపోయింది. చెరువుల్లో ఏరేటర్లు. నీళ్లను చిమ్మే ఆ చక్రాలు, వాటి మోటార్లు, ఒక్కో చెరువుకు నాలుగైదు, కరెంటు పోతే జనరేటరు. పగలు ఎందుకు లేదంటే, పగలు ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి ఇవ్వకపోగా తీసుకుంటుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు ఏరేటర్ ఆగితే రైతు పెట్టుబడంతా తేలిపోతుంది. కాబట్టి అవి ఆగవు, ఆగమనడానికి మనమెవరం. గట్టు మీద కాపలా కాస్తున్న అతను మమ్మల్ని దొంగలనుకుని టార్చి వేసి, సంగతి తెలిశాక టీ ఇచ్చాడు. "పదేళ్లయిందండి, ఇది ఆగితేనే నాకు మెలకువ వచ్చేస్తదండి" అన్నాడు. పొద్దున్నే బావిలో నీళ్లు తోడి నోట్లో పోసుకుంటే ఉప్పన. చెరువుల్లోంచి ఊట అట. కొబ్బరిచెట్ల మట్టలు ఎందుకు వాలిపోయాయో అప్పుడు అర్థమైంది. తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ తణుకు దాటేదాకా మాట్లాడలేదు.

సర్వీసు వాళ్లకు చెబితే "రాత్రి ఎవరు చూస్తారు సార్" అన్నారు. రాత్రే కదయ్యా పడుకునేది!

అరకు సంగతి రాయకుండా వదిలేద్దామనుకున్నా గానీ ఇంకొకరు ఇరుక్కోకూడదని రాస్తున్నా. వాళ్ల దగ్గర ఒక సేల్స్ మనిషి ఉన్నాడు, పెద్దాయన లేని రోజు చూసి ఫోన్ చేశాడు. కాఫీ తోట పక్కన ఇల్లు, పొగమంచు ఫోటోలు, ధర చాలా తక్కువ. అది షెడ్యూల్డ్ ఏరియా. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఆ కొండ మండలాల్లో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు, 1/70 చట్టం అని ఆంధ్రాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. నేనదే అంటే "స్థానికుల పేరు మీద పెట్టి మీకు 99 ఏళ్ల అగ్రిమెంటు రాయిస్తాం సార్, చాలామంది చేస్తున్నారు" అన్నాడు. ఎవరి భూమిని ఎవరి నుంచి కాపాడటానికి ఆ చట్టం వచ్చిందో, ఆ రెండో వాడిగా నన్ను నిలబెడుతున్నాడన్నమాట. పెద్దాయనకు చెప్పాను. ఆఫీసులో ఏం జరిగిందో తెలియదు, ఆ ఫోన్లు మాత్రం మళ్లీ రాలేదు. దీనికి అర మార్కు కోత.

మధ్యలో చూసిన మిగతావి గబగబా చెప్పేస్తా. ఒకటి తాండూరు దగ్గర, నాపరాయి గనుల లారీలు వెళ్లే రోడ్డు మీద. ఒకటి చెరువు అంచున ఎంతో బాగుంది, వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గేదెలు కాసే ముసలాయన కర్రతో గీసి చూపించాడు, ఆ గీత వంటింట్లోంచి పోయింది. ఎఫ్‌టీఎల్, బఫర్ అని చెరువు నీళ్ల హద్దుల మ్యాపులు చూడటం మంచిదే గానీ మొదట గేదెల వాళ్లను అడగండి. ఇంకొకటి కోళ్ల ఫారాలకు ఆరు వందల మీటర్లు. మేం వెళ్లిన రోజు గాలి అటు వీచింది, అన్నం తినడానికి కూర్చునేసరికి ఇటు తిరిగింది. మేం తెచ్చుకున్న పులిహోర ఈగలు తిన్నాయి.

ఎనిమిదోది మెదక్ వైపు. ఊరి పేరు రాయను, ఎందుకో మీకు తెలుసు. హైదరాబాద్ నుంచి రెండున్నర గంటలు, చివరి రెండు కిలోమీటర్లు మట్టి రోడ్డు. 24 గుంటల పట్టా భూమి, అమ్మే ఆయన పేరు మీదే పాసు పుస్తకం, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే కాగితం) శుభ్రంగా ఉంది, పెద్దాయన పహాణీలన్నీ చూసి తల ఊపాడు. ఆయన తల ఊపడం మేం అదే మొదటిసారి చూడటం. ఇల్లు పాత పెంకుటిల్లు కాదు, ఒకప్పుడు పెంకుటిల్లు. కోతులు. ఆ వైపు ఊళ్లలో కోతుల గుంపులు పెంకులు పీకి పీకి జనం విసిగిపోయి ఇంటింటా రేకులు వేసుకున్నారు. ఈయనా వేశాడు, నీలం రేకులు. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. కానీ కింద గోడలు అడుగున్నర మందం, లోపల చల్లగా ఉంది, వెనక చింతచెట్టు, దాని కింద చేదబావి, బావిలో నీళ్లు తియ్యగా ఉన్నాయి. పక్క ఇల్లు మూడు వందల గజాల దూరం, అందులో ఒక ముసలి దంపతులు. మా ఆవిడ బావి దగ్గర నిలబడి "అవ్వా" అని గట్టిగా పిలిచింది. "ఏందమ్మా" అని అటు నుంచి వినబడింది. ఆ పరీక్ష ఆవిడ మనసులో ఎన్నాళ్లుగా ఉందో నాకు తెలియదు.

ఈసారి ఓనరును అడిగి మూడు రాత్రులు అక్కడే పడుకున్నాం, అందులో ఒకటి శనివారం, ఒకటి ఊళ్లో భజన ఉండే రోజు. సర్వీసు కుర్రాడు తాళాలు ఇచ్చి, "మా కస్టమర్లలో ఇట్ల అడిగింది మీరే సార్" అన్నాడు. లెక్క రాసుకున్నా: పొలాల్లో బోరు మోటార్లు ఆటో స్టార్టర్ మీద కరెంటు వచ్చినప్పుడల్లా మొదలవుతాయి, గుయ్ మంటాయి గానీ దూరం. తెల్లవారుజామున నాలుగింటికి నెమళ్లు. నెమలి అరుపు గురించి కవులు ఎవరూ నిజం చెప్పలేదు, పిల్లిని తొక్కినట్టుంటుంది. గుడి మైకు ఐదింటికి, ఊరి మీదుగా గాలి వస్తేనే వినపడుతుంది. మిగతా సమయమంతా నిజంగా ఏమీ లేదు. మొదటి రాత్రి ఆ ఏమీ లేకపోవడానికే నాకు నిద్ర పట్టలేదు, చెవుల్లో ఏదో మోగుతున్నట్టు, కూకట్‌పల్లి ఇంకా లోపల తిరుగుతున్నట్టు.

నిశ్శబ్దంతో పాటు వచ్చేవి కూడా చూసుకున్నాం. ఫోన్ సిగ్నలు చింతచెట్టు కింద ఒక గీత, డాబా లేదు కాబట్టి ఎక్కి చూసే వీలు లేదు. పాము కరిస్తే విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి 35 నిమిషాలు, 108 వస్తుందట గానీ మట్టి రోడ్డు మొదట్లోకి మనమే ఎదురెళ్లాలని పక్కింటి తాత చెప్పాడు. వానాకాలంలో ఆ రోడ్డు ఎలా ఉంటుందన్నదానికి ఆయన సమాధానం చెప్పకుండా నవ్వాడు. ఇవేవీ సర్వీసు రిపోర్టులో లేవు. రిపోర్టులో "కనెక్టివిటీ: గుడ్" అని ఉంది.

ఇక డబ్బు విషయం, ఇదే పెద్ద ఫిర్యాదు. మాతో ఫీజు తీసుకుంటాం కాబట్టి అమ్మేవాళ్ల దగ్గర ఏమీ తీసుకోమని మొదట్లో చెప్పారు. మెదక్ ఓనరు మాటల మధ్యలో "మీ వాళ్లకు రెండు పర్సెంటు ఇయ్యాలె కద, అందుకే ఈ రేటు చెప్పిన" అన్నాడు. అమాయకంగా అన్నాడో కావాలని అన్నాడో గానీ అన్నాడు. ఆఫీసులో అడిగితే అది లోకల్ మధ్యవర్తి వాటా అన్నారు. ఊళ్లో మధ్యవర్తి ఉంటే తప్పు లేదు, దలాలి ఎవరైనా తీసుకునేదే, ముందు చెప్పాలి కదా. రాతపూర్వకంగా అడగండి, నేను అడగలేదు. రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో ఎలాగూ విలువ మీద ఏడున్నర శాతం పోతుంది, దాని మీద ఈ దాపరికం రెండు శాతం కలిస్తే చిన్న మొత్తమేమీ కాదు.

మరి తీసుకోవచ్చా ఈ సర్వీసు? మీకు పహాణీ, సేత్వార్ (మొదటి సర్వే నాటి రికార్డు), ఈసీ అంటే కళ్లు తిరుగుతాయనుకుంటే, ఇంట్లో రెవెన్యూ తెలిసిన బాబాయిలు ఎవరూ లేకపోతే, తీసుకోండి, ఆ పెద్దాయన ఉన్న రోజుల్లోనే వెళ్లండి, ఏం సంతకం పెట్టినా ఆయన చూశాకే పెట్టండి. ఇల్లు వాళ్లే వెతుకుతారు, మనం వెళ్లి నచ్చిందనడమే అనుకుంటే మాత్రం వద్దు. వాళ్లకు దూరం ఎంతో తెలుసు, దూరంగా ఉంటే చాలు నిశ్శబ్దమే అనుకుంటారు. మొత్తంగా ఐదుకి రెండున్నర. ఆ కుర్రాడి ఓపికకు ఇంకో పావు కలపొచ్చు.

మేం ఇంకా కొనలేదు. నెలకు 6,000 చొప్పున నాలుగు నెలలకు అద్దెకు తీసుకున్నాం, మెదక్ ఓనరు మొదట వింతగా చూసి తర్వాత ఒప్పుకున్నాడు, అద్దె మీద కమీషన్ రాదని సర్వీసు వాళ్లు మాత్రం మాట్లాడటం మానేశారు. ముందున్న పొలమంతా యాసంగి వరి. ఏప్రిల్లో హార్వెస్టర్లు వస్తే రాత్రిళ్లు లైట్లు వేసి కోస్తారని, వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటరుకు పోయేదాకా ట్రాక్టర్లు ఈ గట్టు మీదనే తిరుగుతాయని పక్కింటి అవ్వ చెప్పింది. ఎన్ని రోజులు ఉంటుంది అవ్వా అంటే "పది దినాలో పదిహేను దినాలో" అంది. అది కూడా విన్నాక, రోహిణి ఎండల్లో ఆ నీలం రేకుల కింద ఒక వారం పడుకున్నాక, జూన్‌లో బయానా సంగతి మాట్లాడతాం.